ఫ్లోరోసిస్ రిపోర్టుల్లో కనబడే మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు చాలా ఇళ్ళల్లో మూడు రకాల కాగితాలు ఉంటాయి: బోరు నీళ్ళ రిపోర్టు, రక్తం లేదా మూత్రం రిపోర్టు, ఎక్స్‌రే మీద డాక్టరు రాసిన నాలుగు ముక్కలు. ఫ్లోరైడ్ మాట మూడింటిలోనూ తగులుతుంది. అయితే మొదటి కాగితం నీళ్ళ సంగతి చెప్తుంది, రెండోది ఈ మధ్య ఒంట్లోకి వెళ్ళినదాని సంగతి, మూడోది ఏళ్ళ తరబడి ఎముకలో పేరుకున్నదాని సంగతి. ఒకదాని అంకెను ఇంకొకదానికి అంటగడితే అక్కర్లేని పరీక్షకు డబ్బు పోతుంది, చేయాల్సిన పరీక్ష మిగిలిపోతుంది. ఆశా కార్యకర్తలు, నర్సింగ్, బైపీసీ విద్యార్థులు, రోగుల ఇంటివాళ్ళు ఎక్కువగా అడిగే మాటలకు ఇక్కడ అర్థాలు ఇచ్చాం.

ఫ్లోరిన్, ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్: మూడూ ఒకటేనా?

కాదు. ఫ్లోరిన్ మూలకం, వాయువు. ప్రకృతిలో విడిగా దొరకదు. అది ఒక ఎలక్ట్రాన్ తీసుకుని రుణావేశం పొందితే ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది. నీళ్ళలో, టూత్‌పేస్టులో, పళ్ళలో, ఎముకల్లో ఉండేది ఇదే. ఎక్కువ కాలం ఎక్కువ ఫ్లోరైడ్ లోపలికి పోతే పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్. “నీళ్ళలో ఫ్లోరోసిస్ ఉంది” అనడం తప్పు. నీళ్ళలో ఉండేది ఫ్లోరైడ్, మనిషికి వచ్చేది ఫ్లోరోసిస్.

నీళ్ళ రిపోర్టులో 1.0 అని ఒకచోట, 1.5 అని ఇంకోచోట ఉంటుంది. ఏది నమ్మాలి?

రెండూ సరైనవే. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు కూడా 1.5. కొన్ని ల్యాబులు పీపీఎం అని రాస్తాయి. తాగునీటి విషయంలో ఒక పీపీఎం అన్నా, లీటరుకు ఒక మిల్లీగ్రామ్ అన్నా ఒకటే.

ఇక్కడే గాఢత, మోతాదు అనే రెండు మాటలు విడదీసుకోవాలి. లీటరు నీళ్ళలో ఎంత ఉందో చెప్పేది గాఢత. రోజు మొత్తంలో మనిషి లోపలికి ఎంత పోయిందో చెప్పేది మోతాదు. 4 పీపీఎం నీళ్ళు 3 లీటర్లు తాగితే 12 మి.గ్రా. ఎండాకాలం పత్తి చేలో పనిచేసే మనిషి 2 పీపీఎం నీళ్ళే 6 లీటర్లు తాగినా అదే 12 మి.గ్రా. “మా బోరులో రెండే ఉంది, పర్వాలేదు” అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అన్నం, పప్పు, అంబలి వండిన నీళ్ళు కూడా ఇందులో కలుస్తాయి.

మా బోరులో అంత ఉంటే పక్క ఊరి బావిలో ఎందుకు లేదు?

దక్షిణ తెలంగాణ నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. ఫ్లోరైట్, ఫ్లోర్‌అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్ళలో నీళ్ళు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. నీళ్ళలో బైకార్బొనేట్, సోడియం ఎక్కువై కాల్షియం తక్కువైతే ఇంకా పెరుగుతుంది. కాల్షియం సరిపడా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుతుంది. రాయి, పగులు, లోతు మారితే అంకె మారుతుంది కాబట్టి ఒకే ఊళ్ళో రెండు బోర్లకు రెండు అంకెలు రావడం మామూలే. పక్కింటి రిపోర్టు మీ బోరుకు పనికిరాదు.

శాంపిల్ ఎట్లా తీయాలి?

లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు. మోటరు ఐదు పది నిమిషాలు నడవనిచ్చి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. సీసా మీద బోరు ఎక్కడిదో, లోతు ఎంతో, తేదీ ఏదో రాయండి. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయిస్తేనే ఆ బోరు సంగతి తెలుస్తుంది.

ఊళ్ళో కిట్టుతో చేసే పరీక్షలో జిర్కోనియం కలిపిన ఎర్ర రంగు ద్రావణం వాడతారు. ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ ఎరుపు పలచబడుతుంది. తొలి అంచనాకు అది చాలు. కానీ పటికతో శుద్ధిచేసిన నీటిని ఈ పద్ధతిలో పరీక్షిస్తే, మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచడం వల్ల అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. అట్లాంటి నీటికి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్ అయాన్‌ను మాత్రమే పట్టి కొలిచే పరికరం) ఉన్న ల్యాబే సరి. అక్కడ ముందుగా ఒక బఫర్ కలిపి అల్యూమినియం పట్టు వదిలించి, ఆ తర్వాత కొలుస్తారు.

హైడ్రాక్సీఅపటైట్, ఫ్లోర్‌అపటైట్ అంటే ఏంటి?

ఎముకకు, పంటి పింగాణీకి (ఎనామెల్) గట్టిదనం ఇచ్చే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్. దాని నిర్మాణంలో పది కాల్షియంలకు ఆరు ఫాస్ఫేట్లు, రెండు హైడ్రాక్సిల్ అయాన్లు ఉంటాయి. హైడ్రాక్సిల్, ఫ్లోరైడ్ రెండింటికీ ఆవేశం ఒకటే, సైజు కూడా దాదాపు ఒకటే. అందుకని ఫ్లోరైడ్ సులువుగా హైడ్రాక్సిల్ చోటులో దూరుతుంది. అట్లా ఏర్పడేదే ఫ్లోర్‌అపటైట్. ఇది ఆమ్లానికి తొందరగా కరగదు. టూత్‌పేస్టులో కొద్దిగా ఫ్లోరైడ్ కలిపేది అందుకే. అదే ఫ్లోరైడ్ మితిమీరితే ఎముక కణాలు రెచ్చి, కొత్త ఎముక అడ్డదిడ్డంగా పుట్టుకొస్తుంది. అది చూడ్డానికి మందంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో సుమారు 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది.

గార పళ్ళన్నీ డెంటల్ ఫ్లోరోసిసేనా?

కాదు. తేడా పట్టడానికి మూడు గుర్తులు చూడాలి. ఫ్లోరోసిస్ మచ్చ కుడి ఎడమల ఒకే రకం పంటి మీద జంటగా వస్తుంది. పంటికి అడ్డంగా గీతల్లాగా, సుద్ద రంగు మబ్బుల్లాగా మొదలై తర్వాత పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. అది పంటి లోపలి నుంచే ఉంటుంది కాబట్టి గీకితే పోదు. గుట్కా, తంబాకు, టీ మరక చిగురు దగ్గర, పళ్ళ సందుల్లో పేరుకుంటుంది; డెంటిస్టు క్లీనింగ్ చేస్తే పోతుంది. పిప్పిపన్ను ఒక్క చోట గుంటపడుతుంది.

రిపోర్టులో “డీన్స్ ఇండెక్స్” అని ఉంటే అది తీవ్రత కొలత. మచ్చలు పంటి ఉపరితలంలో నాలుగో వంతు లోపు ఉంటే చాలా స్వల్పం, సగం లోపు ఉంటే స్వల్పం. పన్నంతా మారి అరుగుదల కనబడితే మధ్యస్థం. గుంటలు పడి పింగాణీ రాలుతుంటే తీవ్రం.

శాశ్వత పళ్ళ పింగాణీ సుమారు ఎనిమిదేళ్ళ వయసుకల్లా తయారైపోతుంది, జ్ఞానదంతాలు తప్ప. కాబట్టి పెద్దవాళ్ళు ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా కొత్తగా గార పళ్ళు రావు. దీన్నే తిరగేసి చూస్తే, పళ్ళు తెల్లగా ఉన్నాయి కదా అని పెద్దయ్యాక ఈ ప్రాంతానికి వచ్చిన మనిషికి ఎముకల జబ్బు లేదనుకోవడానికి లేదు.

పిల్లల పేస్టు గురించి ఒక మాట. వెయ్యి పీపీఎం పేస్టు ఒక గ్రాము మింగితే ఒక మి.గ్రా. ఫ్లోరైడ్ మింగినట్టే. ఉమ్మడం రాని పిల్లలకు బియ్యపు గింజంత చాలు.

ఆస్టియోపోరోసిస్, ఆస్టియోమలేసియా, ఆస్టియోస్క్లెరోసిస్: ఏది ఏది?

ఆస్టియోపోరోసిస్‌లో ఎముక గుల్లబారుతుంది. ఉన్న ఎముక మామూలుదే కానీ దాని మొత్తం తగ్గుతుంది. ఆస్టియోమలేసియాలో ఎముక పరిమాణం తగ్గకపోయినా ఖనిజం సరిగ్గా పట్టక మెత్తబడుతుంది. విటమిన్ డి లోపం దీనికి పెద్ద కారణం. ఇదే ఎదిగే పిల్లల్లో వస్తే రికెట్స్. ఆస్టియోస్క్లెరోసిస్‌లో ఎముక అతిగా చిక్కబడి ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా కనబడుతుంది. ఫ్లోరోసిస్ ముదిరితే ఎక్కువగా కనబడేది ఇదే. అయితే తిండిలో కాల్షియం తక్కువైన మనిషిలో ఈ మూడూ వేర్వేరు ఎముకల్లో ఒకేసారి ఉండొచ్చు. రిపోర్టులో రెండు మూడు పేర్లు కలిసి కనబడితే ల్యాబు తప్పు చేసిందని అనుకోకండి.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ దగ్గర చాలామంది మోసపోతారు. టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చిన అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. ఫ్లోరోసిస్‌లో సాంద్రత పెరుగుతుంది కాబట్టి స్కోరు బాగున్నట్టే వస్తుంది, కానీ ఎముకకు బలం ఉండదు. ఈ ప్రాంతం మనిషికి డెక్సా తీయిస్తుంటే, తాగిన నీళ్ళ చరిత్ర డాక్టరుకు ముందే చెప్పాలి.

జెను వాల్గమ్ అంటే?

నిలబడ్డప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి తగిలి, చీలమండలు దూరంగా ఉండడం. జెను వేరమ్ అంటే దీనికి ఉల్టా: చీలమండలు కలిసి మోకాళ్ళు ఎడమవుతాయి. రెండేళ్ళ లోపు పిల్లల్లో కొద్దిగా వేరమ్, మూడు నాలుగేళ్ళప్పుడు కొద్దిగా వాల్గమ్ సహజం. ఏడెనిమిదేళ్ళు దాటాక కూడా మోకాళ్ళు కలిపి నిలబెడితే చీలమండల మధ్య 8 సెం.మీ. కంటే ఎక్కువ ఎడముంటే ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఫ్లోరోసిస్ ఉన్న చోట జెను వాల్గమ్ గురించి 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి రాసిన వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక్క ఫ్లోరైడే కారణమని చెప్పి ఊరుకోలేం. కాల్షియం కొరత, క్షార నేలల్లో పండిన జొన్నలో మాలిబ్డినం పెరగడం, దానివల్ల ఒంట్లోని రాగి మూత్రంలో పోవడం కూడా ఆ తర్వాతి చర్చలోకి వచ్చాయి.

ఎక్స్‌రే మీద “ఇంటరాసియస్ మెంబ్రేన్ కాల్సిఫికేషన్” అని రాశారు. అంటే?

ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఒక పలచని పొర ఉంటుంది. దాంట్లో కాల్షియం పేరుకుంటే అట్లా రాస్తారు. ఫ్లోరోసిస్‌ను ఇతర నడుంనొప్పుల నుంచి, కీళ్ళవాతం నుంచి వేరుచేయడానికి ఇంత పనికొచ్చే గుర్తు ఇంకోటి లేదు. అందుకే నొప్పి నడుములో ఉన్నా డాక్టరు ముంజేతి ఎక్స్‌రే అడుగుతారు. ఎక్సాస్టోసిస్ అంటే ఎముక మీద మొలిచిన బొడిపె. కైఫోసిస్ అంటే వీపు గూనిపడడం. స్టెనోసిస్ అంటే వెన్నుపాము దారి ఇరుకు కావడం. దాంతో కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా న్యూరో వైద్యం ఉన్న ఆసుపత్రికి పోవాలి.

ఊళ్ళో చేసే తొలి పరీక్షకు మిషన్ అక్కర్లేదు. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం: వీటిలో ఏది చేయలేకపోయినా పెద్దాసుపత్రికి పంపాలి. అయితే ఇవి జబ్బును తేల్చవు. మామూలు డిస్కు నొప్పి ఉన్నా వంగలేరు.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువొచ్చింది. లివర్ పాడైందా?

కావొచ్చు, కాకపోవచ్చు. ఈ ఎంజైము లివర్ నుంచీ వస్తుంది, ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాల నుంచీ వస్తుంది. దీంతోపాటు జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము కూడా పెరిగితే లివర్ వైపు చూస్తారు. జీజీటీ మామూలుగా ఉండి ఇదొక్కటే పెరిగితే ఎముక వైపు. ఎదిగే పిల్లల్లో ఎక్కువ ఉండడం సహజం, పెద్దవాళ్ళ హద్దుతో పోల్చి భయపడొద్దు. పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ హార్మోను. రక్తంలో కాల్షియం తగ్గితే అది పెరిగి ఎముక నుంచి కాల్షియం లాగుతుంది. ఫ్లోరోసిస్‌లో కూడా పెరగొచ్చు.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె మాత్రం తప్పకుండా చూడాలి. ఫ్లోరైడ్ బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీ ద్వారానే. కిడ్నీ మందగిస్తే అదే నీళ్ళు తాగినా ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది. నొప్పి తగ్గాలని మెడికల్ షాపులో అడిగి ఏళ్ళ తరబడి వేసుకునే గోలీలు కిడ్నీని దెబ్బతీస్తాయి. అట్లా నొప్పికి వాడిన మందే జబ్బును పెంచే పరిస్థితి వస్తుంది.

ఎంజైమ్ ఇన్హిబిషన్ అంటే ఏంటి? ఫ్లోరైడ్‌కు దాంతో ఏం పని?

ఎంజైము పనిని ఒక పదార్థం ఆపడాన్ని ఇన్హిబిషన్ అంటారు. షుగర్ పరీక్షకు రక్తం తీసినప్పుడు బూడిదరంగు మూత ట్యూబు వాడతారు కదా, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తకణాలు ట్యూబులో కూడా గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. ఆ దారిలో వచ్చే ఇనోలేజ్ అనే ఎంజైముకు మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్ ఆ మెగ్నీషియంతో, ఫాస్ఫేట్‌తో కలిసి దాన్ని ఆపేస్తుంది. పూర్తి ప్రభావం రావడానికి గంట పైనే పడుతుంది కాబట్టి ఫ్లోరైడ్ ట్యూబులో కూడా మొదట్లో షుగర్ కొంత పడిపోతుంది. ట్యూబులోని గాఢత తాగునీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్ని చూపి “నీళ్ళ వల్ల ఒంట్లో ఎంజైములన్నీ ఆగిపోతాయి” అని ప్రచారం చేయడం సరికాదు.

మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఏం చెప్తుంది?

ఈ మధ్య లోపలికి ఎంత పోతోందో చెప్తుంది. రక్తంలోని ఫ్లోరైడ్ కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది: కొంత ఎముకకు, మిగిలింది మూత్రానికి. నీళ్ళు మార్చిన తర్వాత అంకె తగ్గితే మార్పు పనిచేస్తోందని అర్థం. వెంటనే సున్నా కాదు, ఎముకలో దాగింది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. వీలైతే 24 గంటల మూత్రం మేలు.

నల్లగొండ టెక్నిక్ ఇంట్లో చేయొచ్చా?

చేయొచ్చు, కానీ కొలత తప్పితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ పద్ధతిలో అల్యూమినియం సల్ఫేట్, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. మంగలి షాపులో గడ్డానికి రాసే పటిక బిళ్ళ వేరు, ఇక్కడ కావాల్సిన ఫిల్టర్ ఆలమ్, అంటే అల్యూమినియం సల్ఫేట్ వేరు.

ముందు తెలియాల్సిన అంకెలు రెండు: ఫ్లోరైడ్, క్షారత. ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని క్షారత అంటారు. దాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో చూపిస్తారు. లీటరుకు ఫ్లోరైడ్ 2 మి.గ్రా., క్షారత 300 మి.గ్రా. ఉంటే లీటరుకు సుమారు 275 మి.గ్రా. ఆలమ్ కావాలి. అదే క్షారతకు ఫ్లోరైడ్ 3 అయితే సుమారు 350. మొదటి లెక్కన 40 లీటర్లకు 11 గ్రాములు, అంటే 10 శాతం ద్రావణం 110 మి.లీ. సున్నం ఆలమ్‌లో ఇరవయ్యో వంతు, అర గ్రాము పైచిలుకు. బ్లీచింగ్ లీటరుకు 3 మి.గ్రా.

సున్నం, బ్లీచింగ్ ముందు కలపాలి, ఆలమ్ ద్రావణం తర్వాత. పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. గబగబా తిప్పితే ఫ్లాక్ విరిగిపోతుంది. ఫ్లాక్ అంటే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు. ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగేవి అవే. గంటసేపు కదపకుండా ఉంచి, అడుగు నుంచి ఐదు సెం.మీ. పైన బిగించిన నల్లా నుంచి నీళ్ళు తీయాలి. అడుగున మిగిలిన బురదలో ఫ్లోరైడ్, అల్యూమినియం ఉంటాయి. బావి పక్కన, బోరు పక్కన పోయొద్దు.

ఈ పద్ధతికి లోపాలున్నాయి. సల్ఫేట్ పెరుగుతుంది. కొంత ఫ్లోరైడ్ అల్యూమినియంతో కలిసి కరిగిన రూపంలోనే నీళ్ళలో ఉండిపోతుంది. క్షారత తక్కువైతే నీళ్ళు పులుపెక్కి అల్యూమినియం మిగులుతుంది. మిగిలిన అల్యూమినియం లీటరుకు 0.2 మి.గ్రా. దాటకూడదు. ఇవన్నీ చూసుకునే ల్యాబు అందుబాటులో లేకపోతే ఇంట్లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇండుప గింజ అరగదీసినా, మునగ గింజల పొడి వేసినా ఫ్లోరైడ్ పోతుందా?

ఆ గింజలు కోయాగ్యులెంట్లు, అంటే మట్టి రేణువుల్ని గుంపుచేసి దించేవి. బురద నీళ్ళు తేటపడతాయి. కరిగిన ఫ్లోరైడ్‌ను 1.0 కిందికి తెచ్చే భరోసా వాటికి లేదు. బోరు నీళ్ళు మొదటి నుంచీ తేటగానే ఉంటాయి కదా. మరిగించినా పోదు, నీళ్ళు ఇగిరి గాఢత పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు కూడా ఫ్లోరైడ్‌ను ఆపవు. ఆర్‌ఓ ఆపుతుంది, అది బయటికి వదిలే నీళ్ళలో మాత్రం ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటుంది, దాన్ని వంటకు, పశువులకు వాడొద్దు.

చింతపండు తింటే ఫ్లోరైడ్ దిగిపోతుందంటారు, నిజమేనా?

కొంత నిజం. చింత శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా, చిక్కుడు కుటుంబానిది. దాని గుజ్జులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. రోజుకు 10 గ్రాముల చింతపండు భోజనంతో ఇచ్చినప్పుడు బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగిందని జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనం చూపించింది. పచ్చిపులుసు తినేవాళ్ళకు అంత చింతపండు పెద్ద లెక్క కాదు. అయితే ముదిరిన ఎముక అట్లా తిరిగి మామూలవుతుందని ఆ అధ్యయనం చెప్పలేదు. నీళ్ళు మార్చకుండా చింతపండు మీద భారం వేయొద్దు.

బయోఅవైలబిలిటీ, ఆక్సలేట్, ఫైటేట్: వీటికీ కాల్షియానికీ లింకేంటి?

తిన్నదాంట్లో పేగు నుంచి రక్తంలోకి నిజంగా చేరే వాటాను బయోఅవైలబిలిటీ అంటారు. కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటే అది ఒంట్లోకి చేరకుండా బయటికి పోతుంది. మాత్రకంటే భోజనంతో పాటు వచ్చే కాల్షియం ఈ పనికి అనువు. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా., మునగాకులో 300 పైన, పాలల్లో 120 దాకా ఉంటుంది.

ఆక్సలేట్ ఆకుకూరల్లో ఉండే ఆక్సాలిక్ ఆమ్లపు లవణం. అది కాల్షియంతో గట్టిగా కలిసి కరగని స్ఫటికం అవుతుంది. చామగడ్డ కోస్తే చేతులు దురద పెట్టేది సూదుల్లాంటి ఈ స్ఫటికాల వల్లనే. వృక్షశాస్త్రంలో వాటిని రాఫైడ్లు అంటారు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని చాలావరకు కట్టిపడేస్తుంది. ఫైటేట్ గింజల్లో ఫాస్ఫరస్ నిల్వ రూపం, అదీ కాల్షియాన్ని పడుతుంది. రాగుల్ని నానబెట్టి మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. పాత పద్ధతే ఇక్కడ శాస్త్రానికి సరిపోతుంది.

అయితే జొన్నరొట్టె మానేయాలా?

వద్దు. అన్నం తినేవాళ్ళ కంటే జొన్న తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచినట్టు 1970లలో కనబడిన మాట నిజమే. కానీ జబ్బు మూలం నీళ్ళు. జొన్న మానేసి అదే బోరు నీళ్ళతో అన్నం వండుకుంటే ఒరిగేదేమీ లేదు.

ఫ్లోరైడ్ నీళ్ళతో పండిన పంటలోకి కూడా ఎక్కుతుందా?

ఎక్కుతుంది, కానీ అన్ని భాగాల్లోకీ సమంగా కాదు. వేరు పీల్చిన నీళ్ళు దారువు అనే నాళాల గుండా పైకి పోతాయి. ఆకు నుంచి నీరు ఆవిరైపోవడాన్ని బాష్పోత్సేకం అంటారు. నీరు పోయి ఫ్లోరైడ్ ఆకు కొనల్లో, అంచుల్లో మిగులుతుంది. మరీ ఎక్కువైతే అంచు ఎండి చస్తుంది. దాన్ని నెక్రోసిస్ అంటారు. అందుకే గింజలో, పండులో కంటే ఆకులో ఎక్కువ. అంచు ఎండడానికి పొటాష్ లోపం, ఉప్పు నేల కూడా కారణాలే కాబట్టి చూడగానే ఫ్లోరైడ్ అనేయొద్దు.

తేయాకు మొక్క మాత్రం ఫ్లోరైడ్‌ను కావాలని పోగుచేసుకున్నట్టు ఉంటుంది, ముదురు ఆకుల్లో మరీ. ఇట్లాంటి మొక్కల్ని సంచయక మొక్కలు అంటారు. బోరు నీళ్ళతో పెట్టిన కడక్ టీ రోజుకు ఐదారు కప్పులు తాగితే రెండు వైపులా వచ్చి పడుతుంది.

ఎండమిక్, ప్రివలెన్స్, ఇన్సిడెన్స్?

ఒక ప్రాంతాన్ని వదలకుండా ఎప్పుడూ ఉండే జబ్బు ఎండమిక్. ఒక సమయానికి ఉన్న మొత్తం రోగుల వాటా ప్రివలెన్స్. ఒక కాలంలో కొత్తగా వచ్చినవాళ్ళ లెక్క ఇన్సిడెన్స్. కొత్త కేసులు ఆగిపోయినా పాత రోగులు బతికున్నంత కాలం ప్రివలెన్స్ కనబడుతూనే ఉంటుంది.

ఇంటికి భగీరథ నల్లా వచ్చింది. అయినా నొప్పులెందుకు తగ్గలేదు?

మిషన్ భగీరథ కింద ఇక్కడికి వచ్చేది కృష్ణా నీళ్ళు. వాటిలో ఫ్లోరైడ్ తక్కువ. నీళ్ళు మారాక కడుపునొప్పి, నీరసం లాంటివి కొన్ని వారాల్లో తగ్గొచ్చు. గట్టిపడిన లిగమెంటు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ), వంగిన ఎముక తిరిగి మామూలు కావు. అక్కడ ఫిజియోథెరపీ, అవసరమైతే ఆపరేషన్ మాత్రమే దారి.

నీళ్ళు నిజంగా మారాయా అన్నది కూడా చూసుకోవాలి. ఇంట్లో నల్లా నీళ్ళు తాగి, పొద్దంతా చేను దగ్గర మోటరు నీళ్ళు తాగితే సగం మోతాదు అట్లాగే ఉంటుంది. పైపు పగిలిన రోజుల్లో బోరు ట్యాంకు నుంచి వదిలే నీళ్ళు, హోటల్లో టీకి వాడే నీళ్ళు, మధ్యాహ్న భోజనం వండే నీళ్ళు ఎక్కడివో అడగండి. మూత్రం పరీక్షలో అంకె ఆరు నెలలకు కూడా దిగకపోతే, ఈ నాలుగు చోట్ల ఒకటి మిగిలిపోయి ఉంటుంది.